కదలని రైలు కోసం ఆర్మూరు నుంచి...

ప్లాట్‌ఫారం మీద రైలు ఆగి ఉంది. టికెట్ల కిటికీ ఉంది, బెంచీలున్నాయి, స్టేషను పేరు రాసుకోవడానికి బోర్డూ ఉంది. లేనిదల్లా ప్రయాణం ఒక్కటే! ఆ రైలు ఎక్కడి నుంచీ రాలేదు, ఎక్కడికీ పోదు. కథానాయకుడు పరుగెత్తి రైలెక్కడం, కథానాయిక చెయ్యి అందించడం, విలను ముఠా కర్రలతో దిగడం... ఇవన్నీ మీరు తెరమీద ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఒక సినిమాలో అది కాకినాడ, ఇంకో సినిమాలో కాశీ. బోర్డు మారితే ఊరు మారినట్టే!

ఆ ప్లాట్‌ఫారం మీద నేనొకసారి ఒకే రోజున పదకొండు సార్లు నడిచాను. ఆ ముచ్చట మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పన్నెండేళ్లు దాచాను. అది ఎలా బయటపడిందో చెప్పాలంటే ముందు మా బాపు గురించి చెప్పాలి.

బాపు అనగానే 'ముత్యాలముగ్గు' దర్శకుడు గుర్తుకొచ్చి ఉంటారు మీకు. ఆయన కాదండోయ్! మా ఆర్మూరు వైపు తండ్రిని బాపు అంటాం. మా బాపు పసుపు రైతు. డెబ్బైకి ఒక్క ఏడు తక్కువ. చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని 'మాయాబజార్' చూసిన మనిషి. ఘటోత్కచుడి ముందర పళ్లెంలోని లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లోకి పోవడం ఆయన జీవితంలో చూసిన మహాద్భుతాల్లో మొదటిది. రెండోది పసుపు క్వింటాలు పదిహేను వేలు దాటడం!

ఆ రెండో అద్భుతం 2024లో జరిగింది. ఏళ్ల తరబడి ఐదారు వేల దగ్గర మూలిగిన ధర అది. మా పసుపు రైతుల కడుపుమంట ఎంతటిదో 2019 పార్లమెంటు ఎన్నికల్లో దేశమంతా చూసింది. నిజామాబాదు నియోజకవర్గంలో 185 మంది బరిలో దిగితే, అందులో నూట డెబ్బైమందికి పైగా రైతులే. అలాంటి చోట ధర పలికితే ఇంట్లో అడిగేవాళ్లకు నోళ్లు రావా? మా తొమ్మిదేళ్ల కూతురు అడిగేసింది. "తాతా, మైష్మతి చూపిస్తవా?" మాహిష్మతి దాని నోట్లో అలాగే పలుకుతుంది.

బాపు ససేమిరా అన్నాడు. "సినిమా చూడాలె గని, సినిమా ఎట్ల తీస్తరో చూడొద్దు బిడ్డా. పెండ్లి బువ్వ తినేటోడు పొయ్యి కాడికి పోయి తొంగి చూస్తడా?"

ఆ మాటకు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. రామోజీ ఫిల్మ్ సిటీకి ఇంటిల్లిపాదితో వెళ్లడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కారణం తరువాత చెప్తాను. కానీ మనవరాలి కన్నీళ్ల ముందు ఏ తాత నిలిచాడు గనక? డిసెంబరు ఆఖరున, పసుపు తవ్వకాలు మొదలుకాక ముందే పోయొద్దామని తీర్మానమైపోయింది.

తెల్లవారుజామున మూడున్నరకు మా బామ్మర్ది కారులో బయల్దేరాం. బాపు, మా ఇంటావిడ, పిల్ల, నేను, ఒక గిన్నెడు పులిహోర. కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్. అక్కడ అవుటర్ రింగు రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే, విజయవాడ రహదారి మీద ఇక ఎంతో దూరం లేదు. పిల్ల దారంతా నిద్ర. నాకు మాత్రం కునుకు పట్టలేదు.

పాతిక సెంట్ల ముచ్చట

షూటింగు ఎలా చేస్తారో టికెట్టు పెట్టి చూపించడం కొత్త సంగతేం కాదు. హాలీవుడ్‌లో కార్ల్ లెమ్లీ అనే ఆసామి 1915లో యూనివర్సల్ సిటీ తెరిచినప్పుడే ఆ పని చేశాడు. పాతిక సెంట్లిస్తే చాలు, మెట్ల బల్లల మీద కూర్చుని షూటింగు చూడొచ్చు. అవి మూకీ రోజులు. జనం ఈలలేసినా, విలను మీద అరిచినా నష్టం లేదు. టాకీ వచ్చాక మైకు ముందర ఎవరూ దగ్గడానికి వీల్లేదాయె! తలుపులు మూసేశారు. మళ్లీ 1964లో ట్రాము బళ్లు పెట్టి తెరిచారు. నేటి స్టూడియో టూర్లకు అదే నాంది.

మన వాళ్లకు ఆ భాగ్యం చాలాకాలం లేదు. సినిమా అంటే మద్రాసు. తిరుపతి యాత్రకు పోయిన జనం అటు నుంచి అటే మద్రాసు వెళ్లి ఎన్.టి. రామారావు గారి ఇంటి ముందు నిలబడి దర్శనం చేసుకుని వచ్చేవారు. స్టూడియో గేటు లోపల ఏముందో గూర్ఖాకే ఎరుక! తరువాత పరిశ్రమ మెల్లగా హైదరాబాదుకు తరలింది. సారథి స్టూడియో ముందే ఉంది, 1976లో అన్నపూర్ణ వచ్చింది. 1996లో రామోజీరావు ఊరవతల ఫిల్మ్ సిటీ తెరిచారు. కళా దర్శకుడు నితీష్ రాయ్ దానికి రూపకల్పన చేశారు. స్క్రిప్టు పట్టుకుని లోపలికి పోతే సినిమా డబ్బాతో బయటికి రావచ్చన్నది ఆ రోజుల్లో అందరి నోటా నానిన మాట. 2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశారు. మేం పోయింది ఆ డిసెంబరులోనే.

ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయమని గిన్నిస్ వారు రాసుకున్న లెక్క 1666 ఎకరాలు. బస్సులో గైడు పిల్ల ఆ అంకె చెప్పగానే బాపు వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. ఎకరానికి ఇరవై క్వింటాళ్లనుకున్నా ముప్పై మూడు వేల క్వింటాళ్ల పసుపు! కాసేపాగి తల అడ్డంగా ఊపాడు. "వద్దు తియ్యి. గంత పసుపు ఒక్కపారే యార్డుకొస్తే ధర పడిపోతది."

మా ఇంటావిడ బసంతి అయిన వైనం

లోపల అన్నిటికంటే సరదా 'మూవీ మ్యాజిక్'. పోయినవాళ్లు దీన్ని మాత్రం వదులుకోకండి. 'షోలే'లో బసంతి టాంగా తోలుకుంటూ పారిపోయే ఘట్టం ఉంది కదా, 1975లో హేమమాలిని చేసింది? దాన్ని మన కళ్లముందే మళ్లీ తీస్తారు. హేమమాలిని మాత్రం మన మధ్య నుంచే రావాలి! వ్యాఖ్యాత జనంలోకి చూసి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి మా ఇంటావిడ మీద పడింది.

"నేను రాను, నాకు సిగ్గు" అంటూనే లేచి పోయింది! నెత్తిన కొంగు దోపుకుని, గుర్రం లేని టాంగా ఎక్కింది. బండిని కింది నుంచి కుదుపుతున్నారు, ముందర గాలి కొడుతోంది, ఆవిడ కొరడా ఝళిపిస్తోంది. ఎదురుగా చూస్తుంటే నవ్వొస్తుంది. పక్కనున్న తెరమీద చూస్తే మాత్రం వెనకాల దారి పరుగెడుతోంది, బందిపోట్లు తరుముకొస్తున్నారు! సూత్రం తేలికే. నటుడి వెనక ఒకే రంగు తెర కడతారు. తరువాత ఆ రంగున్న చోటల్లా తీసేసి, విడిగా తీసిన దృశ్యాన్ని అతికిస్తారు. ఈ రోజుల్లో కొండలూ కోటలూ సైన్యాలూ సగం ఇలా పుట్టుకొచ్చేవే.

ఆ తరువాత చప్పుళ్ల వంతు. జనంలోంచి కొందరిని పిలిచి గిట్టల చప్పుడు, ఉరుము, దెబ్బ శబ్దం చేయించారు. చివరికి బొమ్మ, చప్పుడు, సంగీతం కలిపి తెరమీద వేస్తే హాలంతా ఈలలు. మా పిల్ల కుర్చీ మీదికెక్కి "మమ్మీ హీరోయిన్!" అని కేక. బాపు పళ్లు బయటపెట్టి నవ్వడం నేను చాలాకాలానికి చూశాను. బయటికొచ్చాక కోడలితో అన్నాడు, "మంచిగ తోలినవ్ బిడ్డా. మా ఎడ్లబండి కూడ గట్లనే తోలితివనుకో, చెరువుల పడుతుము."

ఇంతవరకూ అంతా సవ్యంగానే సాగింది. ఎర్ర బస్సెక్కి వీధుల్లోకి వచ్చాకే నా నోరు నన్ను ముంచింది.

నోరు జారింది

ఆ వీధుల్ని ఏమని వర్ణించను? మలుపు ఇవతల విదేశీ వీధి, మలుపు అవతల మన పల్లె. ఇక్కడ విమానాశ్రయం, అక్కడ జైలు. ఒకే కట్టడం ముందు నుంచి ఆసుపత్రిలా, పక్క నుంచి మరొకటిగా కనబడుతుంది. ఇళ్లకు ముఖాలున్నాయి, కాపురాలు లేవు. లోపల ఖాళీ. ఎవరి కథకు తగ్గట్టు వాళ్లు లోపలి భాగం కట్టుకుంటారు.

గైడు పిల్ల కాసేపు హిందీలో, కాసేపు తెలుగులో గలగలా చెప్పుకుపోతోంది. నేను మా పిల్లకు చెవిలో చెప్పడం మొదలుపెట్టాను. "ఆ మెట్లున్నాయి చూడు, పైకెక్కితే గోడే వస్తది, గది ఉండదు." ఆ పిల్ల కూడా తరువాత అదే చెప్పింది. "బజారు సీనులో జనం మాట్లాడుకుంటున్నట్టు కనబడతారు కదా, నిజానికి మాట్లాడరు. ఉత్త పెదవులు కదిలిస్తారంతే. గొంతు బయటికొస్తే హీరో డైలాగు పాడైపోతది." మా పిల్ల వెంటనే పెదవులు మాత్రం కదుపుతూ నాతో ఏదో పెద్ద సంభాషణ చేసింది. నాకు ఉత్సాహం వచ్చేసింది. "చొక్కా మార్చడానికి వీల్లేదు. పొద్దున ఏ గుండీ విప్పి ఉంటే సాయంత్రం దాకా అదే గుండీ విప్పి ఉండాలె. కృష్ణానగర్‌ల అయిదు గంటలకు బస్సు పెడతరు, నిమిషం ఆలస్యమైతే ఆ రోజు కూలి గోవిందా..."

మా ఇంటావిడ మెడ తిప్పి చూసింది. "గిన్ని ముచ్చట్లు నీకెట్ల ఎరుక?"

"పత్రికల్లో రాస్తాను గదా, చదివిన" అన్నాను.

బాపు ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మా బాపు ఏమీ అనకపోవడమంటే ఏమిటో తెలిసినవాణ్ని గనక నాకు చెమటలు పట్టాయి.

అసలు సంగతి ఇది. 2012లో బి.ఎ. పూర్తిచేసి గ్రూప్స్ కోచింగని చెప్పి హైదరాబాదు వచ్చాను. ఆ ఏడు పసుపు ధర కుప్పకూలింది. ముందటి యేళ్లలో ఆకాశంలో ఉన్నది నేలకు దిగింది. అయినా బాపు పన్నెండు వేలు నా చేతిలో పెట్టాడు. ఎన్ని బస్తాలు అమ్మితే పన్నెండు వేలయ్యాయో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ డబ్బులో సగం కృష్ణానగర్‌లో ఒక ఏజెంటు చేతిలో పోశాను. కార్డిప్పిస్తానన్నాడు, పెద్ద వేషమిప్పిస్తానన్నాడు. పది రోజులకు మనిషే కనబడలేదు. మిగిలిన డబ్బుతో రెండు నెలలు జూనియర్ ఆర్టిస్టుగా తిరిగాను. పెళ్లి సీనులో భోజనానికి కూర్చున్నాను, కోర్టులో చప్పట్లు కొట్టాను, అల్లర్లలో పరుగెత్తాను. ఏ సినిమాలో అని అడక్కండి. చెప్పినా మీరు నన్ను వెతికి పట్టుకోలేరు.

ఇంటికొచ్చి "కోచింగు కుదరలేదు" అన్నాను. బాపు "సరే" అన్నాడు. అంతే!

మాహిష్మతి గోడకు పాలిష్

మాహిష్మతి దగ్గర దిగాం. 2015లో మొదటి భాగం, 2017లో రెండో భాగం వచ్చిన 'బాహుబలి' కోసం కళా దర్శకుడు సాబూ సిరిల్ వేయించిన సెట్టింగులివి. సినిమా అయిపోగానే సెట్టు కూల్చడం పరిశ్రమ ఆనవాయితీ. ఇక్కడ మాత్రం జనం కోసం నిలిపి ఉంచారు. తెరమీద మనం చూసిన మహానగరంలో ఇది ఒక తునక మాత్రమే, మిగతాదంతా కంప్యూటర్ల కష్టార్జితం. అయినా ఏనుగుల బొమ్మల ముందర, ఆ స్తంభాల కింద నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. నా మాట నమ్మండి.

మా పిల్ల ఒక బండరాయి మీద వేళ్లతో కొట్టింది. డొల్ల చప్పుడు. ముఖం చిన్నబుచ్చుకుంది. "తాతా, ఇది రాయి కాదు."

సిద్ధుల గుట్ట నల్లరాళ్ల కింద పుట్టి పెరిగినవాళ్లం. రాయి ఏదో కానిది ఏదో మాకు ఒకరు చెప్పాలా! బాపు కూడా వంగి తట్టి చూశాడు. అరచేత్తో నిమిరాడు. ఇక ఇంటిదాకా సణుగుతాడనుకున్నాను.

"మన పసుపు తవ్వినప్పుడు ఎట్లుంటది బిడ్డా?" అన్నాడు మనవరాలితో.

"మట్టి మట్టిగ."

"ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టినంక?"

"నల్లగ, ముడతలు ముడతలు."

"మరి గదే కొమ్ము డ్రమ్ముల ఏసి తిప్పినంక, యార్డుల కుప్ప పోస్తే?"

"బంగారం లెక్క!"

"కొనేటోడు బంగారమే చూస్తడు. మట్టి మనం చూసినం. అయితే పసుపు అబద్ధమా? ఇది గూడ పాలిషే. మంచిగ పట్టిన్రు." మరోసారి ఆ గోడను చూసి, "కష్టమున్నది దీంట్ల" అన్నాడు. పొయ్యి దగ్గరికి పోవద్దన్న మనిషి ఈయనేనా అనిపించింది.

పిల్లా తల్లీ ఫోటోలకు ముందుకు పోయారు. బాపు నీడలో కూర్చున్నాడు. నేను నీళ్ల సీసా ఇచ్చాను.

"ఎన్ని దినాలు చేసినవ్?" అన్నాడు.

అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను. రాలేదు. "రెండు నెలలు."

"ఏం చేపిచ్చిన్రు?"

చెప్పాను. రైల్వే స్టేషనులో పెట్టె పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం. హీరో మాట తడబడితే మళ్లీ మొదటికి. వెలుతురు చాలకపోతే మళ్లీ మొదటికి. పదకొండు సార్లు.

"పెట్టెల ఏమున్నది?"

"ఏం లేదు. ఖాళీదే."

"సినిమాల కనవడ్డవా?"

"లేదు బాపూ. ఎడిటింగుల పోయింది. నాలుగు సార్లు చూసిన, టికెట్టు కొని."

బాపు సీసా మూత బిగించాడు. "పన్నెండు వేలు గట్ల పోయినయా?" అన్నాడు. కోపముందో లేదో ఆ గొంతులో నాకు ఇప్పటికీ తేలలేదు. ఏజెంటు సంగతి చెప్పాను. "వానికి పోయినయ్ పోయినయ్ గని, నాకు చెప్తే ఏమైతుండె? సినిమాల తీసుకుంటరంటే మాయాబజార్ చూసినోన్ని నేను వద్దంటుంటినా?"

నా దగ్గర జవాబు లేదు.

తిరుగుదారిలో బస్సు ఆ స్టేషను దగ్గర ఆగింది. ఫోటోలు తీసుకునేవాళ్లకు పది నిమిషాలు! జనం రైలు మెట్ల మీద నిలబడి, కిటికీల్లోంచి చేతులూపి నానా భంగిమలూ పెడుతున్నారు. నేను బస్సులోనే కూర్చుందామనుకున్నాను.

"దిగు" అన్నాడు బాపు.

దిగాను. ప్లాట్‌ఫారం నేను అనుకున్నదానికంటే చిన్నదిగా ఉంది. ఆ రోజున ఎంత పొడుగు అనిపించిందో! బాపు పులిహోర గిన్నె ఉన్న సంచీ నా చేతికిచ్చాడు. మనవరాలిని పిలిచి, "మీ డాడీ గీ కొస నుంచి గా కొసకు నడుస్తడు. ఫోనుల సినిమా తియ్యి" అన్నాడు. ఎందుకని మా ఇంటావిడ అడిగితే "తర్వాత చెప్తడు" అన్నాడు నా వైపు చూడకుండా.

పిల్ల ఫోను అడ్డంగా పట్టుకుని, పొద్దున నేర్చుకున్న విద్యంతా చూపిస్తూ "సైలెన్స్! యాక్షన్!" అని అరిచింది. ఎవరో పక్కకు జరిగి దారిచ్చారు. నేను సంచీ పట్టుకుని నడిచాను. పన్నెండోసారి. ఈసారి చేతిలో బరువుంది. ఆ చివర బాపు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు, మార్కెట్ యార్డులో తన కుప్పకు వేలం పాడేటప్పుడు నిలబడినట్టే.

చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"కట్!" అంది మా పిల్ల. "డాడీ, నువ్వు కెమెరా దిక్కు చూసినవ్. మళ్ల నడువు."